బిళ్ళలో మిగిలిన సుడులు

మరిది గీసిన గ్రాఫు చూసినప్పటినుంచీ ఆవిడకు ముద్ద దిగలేదు.

అతను కొలిచింది వెంట్రుక మందంలో వందోవంతు వెడల్పున్న అల్యూమినియం బిళ్ళను. హీలియం చలిలో అది ఏ అడ్డూ లేకుండా కరెంటు పారే అతివాహకంగా మారి, అయస్కాంత బలాన్ని గడప తొక్కనివ్వదు. బలం బాగా పెరిగితేనే ఆ బలం సుడులుగా మెలికలు తిరిగి, ఒక్కొక్కటిగా లోపల దూరుతుంది. మరిది మాత్రం, ఏమంత బలం లేకుండానే రెండు సుడులు దూరాయని వ్యాసం రాసి సైన్సు పత్రికకు పంపాడు. నిజమైతే గొప్ప సంగతే. అతని ఉద్యోగం పొడిగిస్తారో లేదో దానిమీదే ఉంది.

అతను పనిచేసే ప్రయోగశాలకు అధిపతి ఆవిడే. పొద్దున భర్త చెప్పులు వేసుకుంటూ అన్నాడు: "తమ్ముడి పొట్ట కొట్టకు. చూసీ చూడనట్టు పోతే నీ సొమ్మేం పోయింది?"

"అబద్ధమైతే?"

"అయినప్పుడు చూద్దాంలే."

మధ్యాహ్నం ఆవిడ మరిది బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఏం వదినా, తనిఖీనా? అన్నయ్య జేబులు వెతకడం అయిపోయిందా?"

ఆవిడ నవ్వలేదు. "చల్లబరిచే ముందు అయస్కాంతం ఆపావా?"

అతని నవ్వు సగంలో ఆగింది. "ప్రతిసారీ వేడిచేసి, ఆపి, మళ్ళీ చల్లార్చాలంటే తెల్లారినట్టే. చలిలోనే ఉంచి, బలం కిందికి దించి మొదలుపెట్టా."

"అయితే అవి అంతకుముందు దూరినవే. బలం దించినా బిళ్ళ అంచు దాటలేక లోపలే ఉండిపోయాయి. కొత్తగా వచ్చాయని నువ్వు రాసేశావు. ఇప్పుడు నా ఎదుట సరిగ్గా చెయ్యి."

చేశాడు. బిళ్ళను వేడిచేసి, అయస్కాంతం ఆపి, చల్లబరిచి, బలం మెల్లగా పెంచాడు. తెరమీద గీత తిన్నగా సాగింది. సుడి దూరితే కనపడాల్సిన మెట్టు అతను చెప్పిన చోట లేదు.

"ఇంకోసారి, వదినా."

ఇంకోసారీ లేదు.

"వ్యాసం వెనక్కి తీసుకోవడం వచ్చే నెల చేద్దాం," అన్నాడు గొంతు తగ్గించి. "ఈలోగా ఉద్యోగం పొడిగిస్తారు."

"తెలిసింది ఇవాళ. రాసేదీ ఇవాళే."

"పరాయివాడినైతే కాస్త జాలి చూపేదానివి."

"పరాయివాడివైతే అనుమానం వచ్చిన నిన్ననే రాసేదాన్ని."

అక్కడే కూర్చుని పత్రికకు నాలుగు ముక్కలు రాసి, తెర అతని వైపు తిప్పింది. అతను నిలబడే చదివాడు.

"ఒప్పుకుంటావా?"

"అలాగే, మేడమ్."

ఇన్నేళ్ళలో అతను ఆవిడను అలా పిలవలేదు. ఆవిడ తలెత్తకుండా ఉత్తరం పంపేసింది.