పది నిమిషాల చీకటి

భోజనాల బల్ల మీద నాలుగు దుప్పట్లు కప్పి, కింద దూరి కూర్చున్నాను. ఇంట్లో ఉన్న పని చాలక ఇదొకటా అన్నారు మా ఆయన. ఇదీ పనేనండీ, కాకపోతే దీనికి జీతమిస్తారు అన్నాను.

రేపు నాలుగో తరగతికి లోతు సముద్రం పాఠం. చూడ్డానికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. పిల్లల్ని ఇలాగే చీకట్లో కూర్చోబెడితే, పది నిమిషాలకి కళ్లు అలవాటుపడి, నేను అంటించిన ఏడు రేడియం చేపలు మెల్లగా కనబడాలి. స్టిక్కర్లు పాతవి. కొత్తవి అడిగితే, ఉన్నదాంతో సర్దుకోవడం మీ ఆడవాళ్లకి తెలిసినట్టు ఎవరికి తెలుసు మేడమ్ అన్నాడు హెడ్మాస్టరు. రేపు కనబడకపోతే పోయేది మాత్రం నా పరువే. అందుకే ముందు నేను చూసుకోవాలి. మధ్యలో కాస్త వెలుతురు పడ్డా లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

మూడో నిమిషంలో మా ఆయన దుప్పటి ఎత్తారు, కళ్లజోడెక్కడని. మళ్లీ మొదలుపెట్టాను. ఐదో నిమిషంలో మా అమ్మాయి, స్కేలు కోసం. తర్వాత మళ్లీ ఆయనే, ఛార్జరు కోసం. అన్నీ ఎక్కడున్నాయో చీకట్లోంచే చెప్పాను. చెప్పగలిగినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. పన్నెండేళ్ల కాపురంలో ఎప్పుడైనా పది నిమిషాలు ఊరికే ఉన్నానా అని ఆలోచిస్తే, పురిటి మంచం తప్ప ఏదీ గుర్తుకురాలేదు. అక్కడికీ వచ్చి గ్యాస్ పుస్తకం ఎక్కడుందని అడిగారీయన.

నాలుగోసారి ఎత్తింది మా అత్తగారు. నేను కూర్చుంటే ఇల్లు కూలిపోతుందని ఆవిడ నమ్మకం.

"ఏముందే అందులో?"

"ఎవరూ పిలవకపోతే చేపలు కనిపిస్తాయత్తయ్యా."

ఆవిడ కాసేపు నన్నే చూశారు. తర్వాత మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ లోపలికొచ్చి, దుప్పటి తనే దించేశారు.

కాసేపటికి బయట్నించి మా ఆయన "అమ్మా, టీ" అనడం వినబడింది. అలవాటు కొద్దీ లేవబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయిరా. నువ్వే పెట్టుకో."

వంటింట్లో గిన్నెలు దొర్లాయి. ఏదో మాడిన వాసన వచ్చింది. మేమిద్దరం కదల్లేదు.

మెల్లగా ఒక చేప కనబడింది. తర్వాత రెండు. చివరికి ఏడూ. నా ప్రాణం కుదుటపడింది.

"పది నిమిషాలైంది, ఇక వెళ్దామా అత్తయ్యా?"

చీకట్లో ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"ఆ దుప్పటి ఓసారి ఎత్తి దించెయ్యవే," అన్నారు. "మళ్లీ మొదట్నించీ లెక్కేద్దాం."