మూడో గాటు

బాలనర్సయ్య సిమెంటు ముద్దను అరచేత్తో తట్టి గట్టు మూల సరిచేశాడు. ఇరవై ఏడో అంతస్తు స్లాబు మీద అడ్డంగా, నిలువుగా ఇలాంటి గట్లు పోసి పదహారు మడులు కట్టాడు. పాలమూరు దిక్కు తన ఊళ్లో వరిమడికి ఒడ్డు చెక్కిన చేతులే ఇవి. స్లాబు పోశాక ఏడు రోజులు దాని మీద నీళ్లు నిలవాలి. ఎండిందా, నెర్రెలు పడుతుంది. ఆ నీళ్లు నిలిపే పనిని సైటులో క్యూరింగ్ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆయన బతుకు అదే.

మనిషి పొట్టి. పసుపు హెల్మెట్ కింద తడి తువ్వాల, మోకాళ్లకు ఎగకట్టిన లుంగీ, నానీ నానీ ముడతలు పడ్డ తెల్లటి అరికాళ్లు. సైటులో సగం మందికి ఆయన పేరే తెలియదు, నీళ్ల తాత అంటారు. అంటే అననీ. పైనుంచి చూస్తే హైటెక్ సిటీ వైపు మెరిసే టవర్లలో పన్నెండు ఆయన నీళ్లు తాగి గట్టిపడ్డవే. వాటిలో ఒక్క స్లాబూ పగల్లేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మెడ దానంతట అదే నిటారవుతుంది. అవదూ మరి!

ఒక్కటే మచ్చ, మొన్న ఏప్రిల్‌లో. పాత ఎండల అంచనాతో పొద్దున నింపి, మళ్లీ సాయంత్రం చూడొచ్చులే అనుకున్నాడు. మధ్యాహ్నానికే ఒక మడి తెల్లబారి వెంట్రుకంత నెర్రె పడింది. ఎవరూ చూడలేదు. తనే వెళ్లి ఇంజినీరు జ్యోత్స్నను పిలుచుకొచ్చి చూపించాడు. ఆ రోజే ఒక కానుగ పుల్లకు మూడు గాట్లు పెట్టుకున్నాడు. నీళ్లు మూడో గాటును తాకితే మడి నిండినట్టు. మొదటి గాటు కిందికి దిగితే స్లాబుకు ముప్పు వచ్చినట్టు.

ఈరోజు పదకొండు గంటలకు పుల్ల దించితే నీళ్లు అప్పుడే రెండో గాటు కింద ఉన్నాయి. మెట్లెక్కి వచ్చిన జ్యోత్స్న ఆయాసపడుతూ వంగి చూసింది. భీమవరం పిల్ల, సైటుకు వచ్చి ఏడాది.

"ఇంత తొందరగా ఎలా ఇంకిపోతున్నాయండీ?"

"ఇంకుతలేవు మేడం. పొలంల పోస్తే సగం భూమి తాగుతది, దాసుకుంటది. మాపటికి సల్లగ జేసి మనకే ఇస్తది. ఈడ తాగనీకి భూమి ఏది? ఎండ, గాలి, గా రెండే తాగుతున్నయి." అద్దాల టవర్ల వైపు గడ్డం ఎత్తాడు. "గాలి గూడ వాటి మీదికెళ్లి వస్తున్నది, పొయ్యి లెక్క."

అవి ఆయన పన్నెండు టవర్లే. తను నీళ్లు పోసి నిలబెట్టినవే ఇప్పుడు ఈ స్లాబు నీళ్లు తాగేస్తున్నాయి. "గట్టిగనే నిలబడ్డయి" అని నవ్వుకున్నాడు.

జ్యోత్స్న నవ్వలేకపోయింది. "నీళ్లు దొరకడం లేదని రేపటి నుంచి కంపెనీవాళ్లు క్యూరింగ్ మానేస్తారటండి. కొత్త స్లాబులకు తడి ఆరిపోకుండా పైన మందు కొడతారు. ఈ స్లాబుకు మూడు రోజులు చాలన్నారు. మిమ్మల్ని... ఇవాళ్టితో పంపించేయమన్నారు."

ఆయన పుల్లను మళ్లీ నీళ్లలో దించి చూశాడు. "మల్ల దీనికి ఇంక నాలుగు దినాలున్నయి గద?"

తన సంగతి అడగలేదు. ఆమెకు అదే గుచ్చుకుంది. "ఇవాళ ట్యాంకర్ కూడా నాలుగింటికి గానీ రాదండి" అంది మెల్లగా.

బాలనర్సయ్య కింది అంతస్తుకు దిగి పాత గోనెసంచులు మోసుకొచ్చాడు. డ్రమ్ములో మిగిలిన నీళ్లలో ముంచి, నారుమడికి గడ్డి కప్పినట్టు మడుల మీద పరిచాడు. ఆరుసార్లు దిగాడు, ఆరుసార్లు ఎక్కాడు. జ్యోత్స్న వేడి కొలిచే మిషన్ పట్టి చూసింది. తడవని స్లాబు అంచు యాభై ఎనిమిది, సంచి కింద ముప్పై ఆరు. నమ్మలేక మళ్లీ కొలిచింది. ఆయన ఆ అంకెల వైపు చూడనైనా చూడలేదు.

నాలుగింటికి ట్యాంకర్ వచ్చేసరికి నీళ్లు ఇంకా మొదటి గాటుకు పైనే ఉన్నాయి. మడులన్నీ మళ్లీ నింపి, హెల్మెట్ తెచ్చి సూపర్‌వైజర్ వీరేశం చేతికిచ్చాడు.

"ఇగ ఏడికి పోతవే, నర్సన్నా?"

"ఊరికి. ఎకరం ఉన్నది. దానికి పోస్తే తాగుతది."

వెళ్తూ జ్యోత్స్న దగ్గర ఆగాడు. ఇన్నాళ్లూ మేడం అన్నవాడు, "జర ఎండనియ్యకు బిడ్డా" అన్నాడు. ఆమె తలూపింది.

మర్నాడు ఆరింటికే, సంచులు ఎండి ఉంటాయని భయపడుతూ ఆమె పైకి పరుగెత్తింది. పదహారు మడులూ అంచుల దాకా నిండి ఉన్నాయి. తాత నాలుగున్నరకే వచ్చి మోటరు వేసి, అన్నీ నింపి, మొదటి బస్సుకు పోయాడని వాచ్‌మన్ చెప్పాడు.

ఆ రోజు నుంచి నాలుగు రోజులూ ఎవరేమన్నా వినకుండా, దొరికిన నీళ్లతోనే పైపు తనే పట్టింది. ఏడో రోజు సాయంత్రం నీళ్లు బయటికి వదిలేసి, మోకాళ్ల మీద పాకుతూ స్లాబంతా అరచేత్తో తడిమింది. ఒక్క నెర్రె లేదు. పడమటి గట్టుకు ఆనించి ఆయన వదిలివెళ్లిన కానుగ పుల్ల అలాగే ఉంది, మూడో గాటు దాకా తడిగా.