ఖాళీ బకెట్

అత్త మీద కోపం దుత్త మీద అంటారు గానీ, ఈ ఇంట్లో కోపం అత్తగారిది, దెబ్బలు బకెట్‌వి. పొద్దున్నే ఆ ఖాళీ బకెట్‌ను కోడలికి వినపడేలా ధన్‌మని పడేసి, వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంటోంది.

తప్పు కోడలిదే. బడి పిల్లలకు వండిపెట్టే ఆడవాళ్ల బృందంలో ఆమె ఒకతె. ఇన్నాళ్లూ ఆ వంటింటి కూరగాయల తొక్కలన్నీ ఈ బకెట్‌లోనే వీధి చివరి ఉమ్మడి తోటలో, అత్తగారి ఎరువు గుంటకు చేరేవి. తోటలో పండిన ఆకుకూరలు మళ్లీ బడి వంటకే వచ్చేవి. మొన్న బడి సమావేశంలో పాలవాడు లేచి, "తొక్కలు నా ఆవులకివ్వండి, పిల్లలకు పాలు పోస్తాను" అన్నాడు. పిల్లలకు పాలంటే ఎవరు కాదంటారు? అందరితోపాటు కోడలూ చెయ్యెత్తేసింది. గుంట సంగతి ఇంటికొచ్చాక గానీ గుర్తుకు రాలేదు.

అదేమీ ఉత్త గుంట కాదు. మామగారు పోయాక అత్తగారు మంచం దిగింది దానికోసమే. ఎరువు పని నేర్చుకుని తోటవాళ్లకు పెద్దదిక్కయింది. అయినా ఏ మాటకైనా "అప్పటికి నేనుంటానో పోతానో" అనడం మాత్రం మానలేదు. ఇప్పుడు ఆ మాట కూడా లేదు. కోడలి గుండెల్లో రాయి పడింది.

మాట వెనక్కి తీసుకుంటే పిల్లల పాలు పోతాయి. తీసుకోకపోతే ఈ మనిషే పోయేలా ఉంది.

దిక్కుతోచక పాలవాడి దగ్గరికే వెళ్లింది. అతను కొట్టం ముందు పక్కింటాయనతో పోట్లాడుతున్నాడు.

"ఈ పేడ తియ్యకపోతే ఎలాగయ్యా, వాసనకు చస్తున్నాం!"

"ఎక్కడ పొయ్యమంటావు, నా నెత్తినా?"

కోడలికి నవ్వాగలేదు. "పోట్లాట ఆపన్నా, చోటు నేను చూపిస్తా" అంది.

మర్నాడు పేడబండి తోట ముందు ఆగింది. అత్తగారిని తోటవాళ్లే వచ్చి లాక్కెళ్లారు, ఖాళీ బకెట్‌తో కోడలు వెనకే నడిచింది. వంటవాళ్లూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆవిడ ముక్కు మూసుకోలేదు గానీ మూతి ముడుచుకుంది. వంగి, కాస్త పేడ తీసి వేళ్లతో నలిపింది.

"పచ్చిది. ఇప్పుడే వేస్తే మొక్కలు మాడిపోతాయి. ఎండుటాకులు కలిపి మాగబెట్టాలి. చలికాలం దాకా పడుతుంది."

"అన్నాళ్లా పెద్దమ్మా?" అన్నాడు పాలవాడు.

"ఏం, నేనెక్కడికి పోతున్నాను?" అని కసిరింది.

ఆ మాట విని కోడలు అందరిముందూ ఏడ్చేసింది.

"ఏడుస్తూ నిలబడ్డావేమే, ఆ బకెట్ ఇలా తే!" అంది అత్తగారు.