కడిగిన నమూనా

ఆ బోర్డు పీకినవాణ్ణి నేనే. కపాలం బొమ్మ కింద ఎర్రటి అక్షరాలతో 'ప్రమాదకర వ్యర్థం, తాకరాదు' అని రాసి ఉన్న రేకు బోర్డు అది. కంపెనీ వెనక యార్డు కంచెకు ఏడేళ్లు వేలాడింది. ఒకరోజు పొద్దున మేనేజరు సుశీల్ కుమార్ నన్ను పిలిచి, "పెంచలకృష్ణా, ఇంక దాంతో పనిలేదు, తీసెయ్" అన్నాడు. స్పానరు పట్టుకుపోయి నాలుగు బోల్టులూ విప్పాను. బోర్డు వెనక గుట్ట గుట్టలాగే ఉంది. పాత బ్యాటరీలు కరిగించి సీసం లాక్కోగా మిగిలిన నల్లటి చెత్త అది. నిన్నటి ఎత్తే, నిన్నటి వాసనే. కాకపోతే నిన్న అది విషం, ఇవాళ కాదు. ఆర్డరు వచ్చింది.

మధ్యాహ్నానికల్లా టిప్పర్లు బారులు తీరాయి. అంతకుముందు ఒక్క లోడు బయటికి పోవాలంటే కాగితాలు కావాలి, పైన టార్పాలిన్ కప్పాలి, ఎక్కడో దూరాన అడుగున ప్లాస్టిక్ పరిచి కట్టిన గుంటలో పొయ్యాలి. ఇప్పుడు ఆ బాధ లేదు. మైపాడుకు దక్షిణాన జాలర్ల పాళెం దారికి అదే పరిచారు. రొయ్యల గుంటల గట్లకు అదే పోశారు. కాలవ ఒడ్డు పల్లంగా ఉన్నచోటల్లా అదే నింపారు. లోడరు తోలి ఆ టిప్పర్లు నింపినవాణ్ణి కూడా నేనే. నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి, కానీ చివరిదాకా వినండి.

మీలో చదువుకునే పిల్లలున్నారు, నాలాగా కాంట్రాక్టు కింద బతికేవాళ్లున్నారు. విషం విషం కాకుండా ఎట్లా పోతుందో మీకెవరూ చెప్పి ఉండరు. చట్టంలో ఒక జాబితా ఉంటుంది. అందులో పేరున్న చెత్తకు కట్టుదిట్టాలన్నీ ఉంటాయి. మా చెత్త అంత చెడ్డది కాదు, పేరు కొట్టేయండి అని కంపెనీ అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడు ఆఫీసర్లు వచ్చి నమూనా తీస్తారు. ఆమ్లం కలిపిన నీళ్లలో దాన్ని గంటల తరబడి గిలక్కొట్టి, ఎంత సీసం నీళ్లలోకి దిగిందో కొలుస్తారు. హద్దు లోపల ఉంటే పేరు కొట్టేస్తారు. కొండంత గుట్ట సంగతి ఎనిమిది సీసాల్లో తేలిపోతుంది.

ఆ ఎనిమిది సీసాలూ నింపిన రోజు ఆఫీసరు నెత్తిన గొడుగు పట్టింది నేను.

ఆఫీసరు చెయ్యి పెట్టడు కదా. తవ్వడానికి పాళెం నుంచి నలుగురు ఆడవాళ్లను పిలిపించారు. కాలవలో మోకాటి లోతు బురదలో నిలబడి, జల్లెళ్లతో గుల్లలు పట్టుకుని బతికేవాళ్లు. అందరిలోకి పెద్ద కామాక్షమ్మ. మొగుడు సముద్రానికి పోయి రాలేదు, పిల్లల్లేరు. చిన్నది విజయకుమారి. గుట్టకు ఎనిమిది చోట్ల తవ్వారు, గంపలకెత్తారు. ఎత్తినవాళ్లు ఆఫీసరు దగ్గరికి రాకుండా నేరుగా కాలవలోకి దిగారు. జల్లెళ్లలో పోసి, నీళ్లలో ముంచి, తిప్పి తిప్పి కడిగారు. ఎందుకంటే వాళ్ల పని అది. గుల్లను బురదతో ఇస్తే ఎవడూ సరుకనడు. పరాయివాడి చేతికి ఏదిచ్చినా కడిగి ఇవ్వడం వాళ్లకు చిన్నప్పటి నుంచి వచ్చిన మర్యాద.

నీళ్లు నల్లగా పోతున్నాయి. ఆఫీసరు చూశాడు. సుశీల్ కుమార్ చూశాడు. నేనూ చూశాను. ఆఫీసరు ఫోను తీసి దాంట్లో తలదూర్చాడు. జల్లెట్లో మిగిలిన నల్లటి గులకలు ఎండకు మెరుస్తుంటే సీసాల్లో పోసి, సీలు వేసి, సంతకాలు చేశారు. "ఎంత శుభ్రంగా చేసినావమ్మా!" అని సుశీల్ కుమార్ మెచ్చుకుంటే కామాక్షమ్మ సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

వానలు పడ్డాయి. దారి మీది నీళ్లన్నీ కాలవలోకి దిగాయి. కాలవలో గుల్లలు నోళ్లు తెరుచుకుని చచ్చి కంపు కొట్టాయి. ఆడవాళ్ల పాదాల చర్మం పొరలు పొరలుగా ఊడింది. అప్పుడొకరోజు టీ బంకు దగ్గర కామాక్షమ్మ నా ముందుకొచ్చి నిలబడింది.

"అబ్బయా, కంచె మీద బొమ్మ యాడికి పోయింది?"

పరీక్ష సంగతి, ఆర్డరు సంగతి చెప్పాను.

"కడిగితే ఆ సీసం నీళ్లలోకి దిగిపోద్దా?"

"దిగిపోద్దక్కా. మట్టిలో ఉండేదంతా పరీక్షకు ముందే దిగిపోద్ది."

"అయితే మేం కడిగి ఇచ్చినామే!" అంది. "నువ్వు ఆడే ఉన్న్యావు గదా, ఒక మాట చెప్పగూడదా?"

గొడుగు పట్టుకున్నవాడికి నోరుంటుందా అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మరునాడు వలల కొట్టంలో పాళెం అంతా కూడింది. కామాక్షమ్మ లేచి ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు తనదేనంది. ఆఫీసుకు కాగితం పెడదాం, మళ్లీ తవ్వి కడక్కుండా ఇద్దాం అంది. తనతో కలిసి కడిగిన ముగ్గురి పేర్లు మాత్రం ఎత్తలేదు. వాళ్లు తలలు దించుకుని కూర్చున్నారు.

పాళెం పెత్తనం చేసే పెదకాపు పోలేరయ్య లేచాడు. గుట్ట మోసే టిప్పర్లలో రెండు ఆయనవే.

"ఏందమ్మే, కాగితంలో ఏం రాస్తావు? మా కాలవలో విషం ఉండాదని రాస్తావా? రేపు నెల్లూరు మార్కెట్లో మన చేపను ముట్టేవోడు ఉంటాడా? మన రొయ్యను ఎవడన్నా ఎత్తుతాడా?"

"విషం ఉండేది నిజమే గదా మామా."

"నిజమైతే? నిజం తిని బతుకుతారా ఈళ్లందరూ?"

కొట్టంలో గోల లేచింది. ఒకడు అవునన్నాడు, ఒకడు ఆమెనే తిట్టాడు. కడిగినదానివి నువ్వే, ఇప్పుడు ఊరిని రచ్చకీడుస్తావా అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. రేపు గంప అమ్ముడుపోదన్న భయం వాళ్లది. కంపెనీ ఒక్క మాటనక్కర్లేకుండా ఆ భయమే కంపెనీ పని చేసిపెట్టింది. పోలేరయ్య దురాయి వేశాడు.

దురాయి అంటే పాళెం కట్టు. పెదకాపు నోటి నుంచి వచ్చాక దాన్ని దాటినవాళ్లకు పడవలో చోటుండదు. కామాక్షమ్మతో ఎవరూ మాట్లాడకూడదు. నిప్పివ్వకూడదు, నీళ్లివ్వకూడదు, చెయ్యి సాయం చెయ్యకూడదు.

చెయ్యి సాయం అంటే చిన్న మాటనుకునేరు. గుల్లలు నిండిన తడిగంపను ఎవరి నెత్తికి వాళ్లు ఎత్తుకోలేరు. ఇంకొకరు అవతల పట్టాలి. పక్క కాలవల్లో గుల్లలు పట్టడానికి పోతే, అందరూ ఒకరికొకరు ఎత్తుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆమె గంపను గట్టు మీదికి ఈడ్చి, తను కింద వంగి, తల ఆనించి, కాళ్లు వణుకుతుండగా లేచేది. ఒక్కోసారి లేవలేక సగం గుల్లలు పారబోసేది. ఆటోలో ఆమె ఎక్కితే పాళెం వాళ్లు దిగిపోయేవాళ్లు. ఇంటి ముందు కూర్చుని తనలో తను మాట్లాడుకోవడం నేను విన్నాను. పొయ్యి ఆరిపోయిందని పొయ్యితోనే చెప్పేది.

నేను పరాయి ఊరివాణ్ణి, తోటపల్లి గూడూరు అవతల వరిచేల వైపువాణ్ణి. నన్ను దురాయి కట్టెయ్యదు. అయినా ఆ గంప అవతలి పక్క పట్టుకోలేదు. కంపెనీ వాళ్లు చూస్తారని.

ఒక్క పని చేశాను. ఆమె చెబుతుంటే అర్జీ రాసిపెట్టాను. 'నమూనా నేను కడిగి ఇచ్చినాను, అది చెల్లదు, మళ్లీ తీయండి' అని. వేలిముద్ర వేసి నా వైపు చూసింది. "చూసినోళ్లు ఎవరంటే?" అంది.

"నేను కంపెనీలో ఉండాల గదక్కా."

"సర్లే అబ్బయా. నీకు మాత్రం ఎవరుండారు" అంది. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే బాగుండేది.

ఆర్డరులో ఒక షరతుంది. ఏడాది తిరిగేసరికి మళ్లీ నమూనా తీసి పరీక్షించాలి. ఆ రోజు వచ్చింది. దురాయి వేసి నలభయ్యొకటో రోజు. పొద్దున్నే జీపు వచ్చి కామాక్షమ్మను ఎక్కించుకుపోయింది. ప్రభుత్వ నమూనాను చెడగొట్టిందని కేసు. సాక్ష్యం ఏమిటంటే ఆమె వేలిముద్ర వేసి పంపిన అర్జీయే. జీపు వెళ్తుంటే జనం గుమ్మాల్లో నిలబడి చూశారు. ఆమె ఎవరివైపూ చూడలేదు.

తర్వాత యార్డుకు ఆఫీసరు వచ్చాడు. అదే ఎనిమిది సీసాల పెట్టె. పోలేరయ్య మిగతా ముగ్గురు ఆడవాళ్లనూ తీసుకొచ్చాడు. వాళ్ల వెనక పాళెమంతా వచ్చింది. నేను లోడరు మీద ఉన్నాను.

"పోయినసారి లాగే కానివ్వండమ్మా, శుభ్రంగా" అన్నాడు సుశీల్ కుమార్.

విజయకుమారి జల్లెడ పట్టుకుని కదలకుండా నిలబడింది. "పోయినసారి లాగా అంటే కడగమనా సారూ?"

ఆయన ఆఫీసరు వైపు తిరిగాడు. ఆఫీసరు ఫోను కోసం జేబు తడుముకున్నాడు. జనంలో గుసగుస మొదలైంది.

"మేయ్, నోరు మూసుకో! దురాయి ఉండాది!" పోలేరయ్య అరిచాడు.

"దురాయి ఆయమ్మతో మాట్లాడొద్దని. నీతో మాట్లాడొద్దని గాదు గదా పెదకాపూ!" అంది విజయకుమారి. "కడిగింది ఆయమ్మ ఒక్కతే గాదు. నేనూ కడిగినా. ఈళ్లిద్దరూ కడిగినారు. మా పేర్లు చెప్పలా ఆయమ్మ. నలభై దినాలు ఆయమ్మ గంప ఎత్తకుండా పోయినాం, ఇప్పుడు జీపెక్కుతుంటే చూస్తా నిలబడినాం. మడుసులమా మేం?"

"ఆ మాట బయటికి పోతే చేప ఎవడు కొంటాడే?" అని జనంలోంచి ఒకడు అడిగాడు.

ముసలి ఓబయ్య ముందుకొచ్చాడు. అరవయ్యేళ్లుగా వల లాగిన చేతులు ఆయనవి. "యాడుండాదిరా చేప, కొనేదానికి? నిన్న వల ఎత్తితే ఏం పడింది, చెప్పు. చెప్పరా!"

విజయకుమారి జల్లెడ కింద పెట్టేసింది. మిగతా ఇద్దరూ పెట్టేశారు. "ఆయమ్మ వచ్చిందాకా మేం ఎత్తం" అన్నారు. ఓబయ్య టిప్పరు ముందు చతికిలబడ్డాడు. ఆయన పక్కన ఇంకొకరు, ఆ పక్కన ఇంకొకరు. సుశీల్ కుమార్ నన్ను చూసి లోడరుతో తవ్వమని సైగ చేశాడు. నేను ఇంజను ఆపి, తాళం చెవి ఆయన చేతిలో పెట్టి దిగిపోయాను. ఆ రోజు సీసాలు ఖాళీగా వెనక్కిపోయాయి.

స్టేషనుకు అందరం నడిచే పోయాం. కామాక్షమ్మ లోపల గోడవారన బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. యార్డులో జరిగింది ఆమెకేం తెలియదు. విజయకుమారి క్యారేజీతో గుమ్మంలోకి పోయి, "అక్కా, అన్నం తెచ్చినా" అంది.

ఆమె తల తిప్పి తన వెనక ఎవరున్నారా అని చూసింది. వెనక గోడ ఉంది.

"నిన్నే అక్కా."

అప్పుడు ఏడ్చింది. నలభయ్యొక్క రోజులూ ఏడవనిది, శబ్దం రాకుండా, క్యారేజీని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

విజయకుమారి ఎస్సై వైపు తిరిగింది. "కడిగింది నలుగురం సార్. మిగిలిన ముగ్గురం వచ్చినాం, రాసుకోండి. కడిగేటప్పుడు ఆఫీసరు చూస్తా నిలబడినాడు, అదీ రాసుకోండి."

ఎస్సై నవ్వాడు. "ఆఫీసరు చూసినాడని చెప్పేదానికి ఎవరుండారమ్మా? మీరంతా ముద్దాయిలే."

కామాక్షమ్మ నా వైపు చూడలేదు. నన్ను చూపించకూడదనే, కావాలనే నేల చూసుకుంటూ కూర్చుంది.

"నేను చూసినా సార్," అన్నాను. "ఆఫీసరుకు గొడుగు పట్టింది నేనే. నా పేరు పెంచలకృష్ణ."

"యాడ పని చేస్తావు?"

"పొద్దున దాకా కంపెనీలో."

ఎస్సై నవ్వు ఆపి, కాగితం తీసి, నన్ను కూడా అక్కడే ఉండమన్నాడు. బయట పాళెం వాళ్లు గేటుకడ్డంగా కూర్చున్నారు. లేవమని కానిస్టేబులు అరుస్తుంటే, ఆయమ్మ వచ్చిందాకా లేచేది లేదని ఓబయ్య చెబుతున్నాడు.

"రోంత జరుగక్కా" అని విజయకుమారి బెంచీ మీద కూర్చుంది. మిగతా ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. దాని మీద నలుగురికే చోటుంది. నేను కింద కూర్చున్నాను.