మూత మీద పేరు

ఆ ఆదివారం సాయంత్రం సూర్యాపేటలో జరిగే క్లబ్బుల ఉమ్మడి సభలో సుధీర్ మెడలో మిర్యాలగూడ సేవా క్లబ్బు అధ్యక్ష పతకం పడాలి. టైల్స్ దుకాణం నడుపుకునే మనిషికి అంతకన్నా పండగేముంది! నెల రోజులుగా అద్దం ముందు నిలబడి ఉపన్యాసం అప్పజెబుతున్నాడు. క్లబ్బు వాళ్ల శిక్షణ తరగతిలో ఎవరో పెద్దమనిషి "నాయకుడి నోట లేదనే మాట రాకూడదు" అన్నాడట. మిగతాదంతా మరిచిపోయి ఆ ఒక్కటి మాత్రం పట్టుకున్నాడు మహానుభావుడు.

ఆ క్లబ్బుకు ఒక ఫ్రీజర్ బాక్స్ ఉంది. ఎవరైనా పోతే, దూరాన ఉన్న అయినవాళ్లు వచ్చేదాకా శవాన్ని ఉంచడానికి ఊరూరికీ ఉచితంగా పంపుతారు. దాని ఫోను కాబోయే అధ్యక్షుడి దగ్గర పెడతారు, పని నేర్చుకోవాలని. ప్రమాణం చేసేలోగా అతని పేరు ఆ పెట్టె మూత మీద రాయించడం కూడా ఆనవాయితీ. శవాల పెట్టె మీద పేరుకు ఇంత మోజేమిటయ్యా అని ఎవరూ అడగరు. మిర్యాలగూడ పెయింటర్లు సుధీర్ కంటికి ఆనలేదు. కోదాడలో కృష్ణ చేతిరాత ముత్యాల్లా ఉంటుందని విని పెట్టెను అక్కడికి పంపించాడు.

తెల్లవారుజామునే ఆ ఫోను మోగింది. నిడమనూరు దగ్గరి తండా నుంచి హరిలాల్ అనే రైతు.

"సారూ, మా ఇంటామె భూలి పోయింది. కిడ్నీల రోగం, ఒళ్లంతా ఉబ్బింది. ఈ ఎండకు ఆగేటట్టు లేదు. బిడ్డ అఖిల పుణెల నర్సు, ఆమె వచ్చేదాంక ఉంచాలె. మీ బాక్స్ ఉన్నదా? లేకుంటె హాలియాల ఇంకోటి ఉన్నదట, అడుగుత."

పెట్టె కోదాడలో ఉందని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ తాను పదవెక్కే రోజున హాలియా వాళ్ల పెట్టె వెళ్లడమా! నోరు రాలేదు.

"హాలియాది ఎందుకన్నా? మనదే వస్తది. పరేషాన్ గాకు," అన్నాడు.

ట్రాలీ ఆటో బీరన్నను వెంటబెట్టుకుని కోదాడకు పరుగెత్తాడు. తీరా చూస్తే కృష్ణ మూత ఊడదీసి, రబ్బరు పట్టీ కూడా పీకి, ఎండలో ఆరబెట్టాడు.

"ఇప్పుడే బిగిస్తే రంగంతా చెదిరిపోద్దండి. కాస్త ఆగండి," అన్నాడు కృష్ణ.

"రంగు మన్నుల గలవనీ, బిగియ్యి!" అని అరిచాడు సుధీర్. రబ్బరు పట్టీ ఒక పట్టాన కూర్చోలేదు. ఈలోగా హరిలాల్ ఫోను.

"యాడిదాంక వచ్చిన్రు సారూ?"

"మిర్యాలగూడ దాటినం," అన్నాడు సుధీర్, కోదాడలోనే నిలబడి.

పెట్టె ట్రాలీకెక్కేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలో పాత అధ్యక్షుడు వెంకటేశం ఫోను చేసి, "సూర్యాపేటల అందరొచ్చిన్రు, నువ్వేడ సచ్చినవ్?" అని తిట్టాడు. సుధీర్ ఫోను పెట్టేశాడు. సిగ్గు విడిచి హాలియా వాళ్లకూ చేశాడు.

"పొద్దటి సంది ఖాళీగనే ఉండె సార్. ఇప్పుడే ఒకరు తీస్కపోయిన్రు," అన్నారు వాళ్లు.

మళ్లీ హరిలాల్.

"ఇగ ఆగుతలేదు సారూ. పెద్దమనుషులు పాడె లేపుదామంటున్నరు."

"జర ఆగన్నా, నీ కాళ్లు మొక్కుత. వచ్చేస్తున్న!"

అవతల ఫోను కట్టయింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. దేవుడా, ఒక్క గంట ఆపు తండ్రీ అని సుధీర్ దారి పొడవునా బతిమాలాడు.

తండా చేరేసరికి పొద్దు గుంకుతోంది. ఇళ్లకు అవతల చెలక గట్టున పొగ లేస్తోంది. హరిలాల్ తడి బట్టలతో ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. సుధీర్‌ను చూసి, పక్కకు జరిగి అరుగు మీద చోటిచ్చాడు. తిట్టినా బాగుండును.

అప్పుడే ఆటోలోంచి బ్యాగుతో ఒక అమ్మాయి దిగింది. వాకిట్లో ట్రాలీని చూసి ఒక్క ఉరుకున వచ్చి, అమ్మ అందులోనే ఉందనుకుని పెట్టె మూత అద్దం మీదికి వంగింది. లోపల ఏమీ లేదు. తల తిప్పి గట్టు మీది పొగ చూసింది. మూత మీద ఎర్రగా, ఒక పక్క చెదిరి ఉన్న అక్షరాలను చాలాసేపు చూసింది.

"సుధీర్ అంటె మీరేనా?"

"నేనే బిడ్డా."

"విమానంల వస్తనన్న సార్. మా నాయిననే వద్దన్నడు. సుధీర్ సారు బాక్స్ పంపుతుండు, బస్సుల నిమ్మళంగ రా బిడ్డా అన్నడు," అంది అఖిల. "నిమ్మళంగనే వచ్చిన."