కామర్స్ మేడం

కదిరి బస్టాండులో దిగి, స్తంభం పట్టుకొని నిలబడి, మేరాజ్ బీ ఒక్కో చెప్పునూ నేలకు కొట్టి దులిపింది. కిటికీ అద్దం లేని బస్సులో తనకల్లు నుంచి వచ్చేసరికి మనిషి మనిషంతా ఎర్రమట్టి కమ్ముకుంటుంది. దారిపొడవునా దున్ని వదిలేసిన చేలే. విత్తనం వేయడానికి కూడా వాన పదును కాని ఏడాది అది. ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకొని, సంచీ కుడి భుజానికి మార్చుకొని నడక మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి తెల్లవారినప్పటి నుంచీ లాగుతోంది. బస్సులో కమ్మీ పట్టుకొని నిలబడ్డందుకేమో అనుకుంది.

మనిషి పొట్టి. ఈ మధ్య కాస్త ఒళ్లు చేసింది. మోకాళ్ల నొప్పుల వల్ల అడుగు వెడల్పుగా వేస్తూ, పక్కలకు ఊగుతూ నడుస్తుంది. చాక్‌పీసు పట్టే వేళ్ల కొసలు పగిలి, ఎంత కడిగినా ఆ పగుళ్లలో తెలుపు పోదు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు.

బస్టాండు నుంచి కాలేజీ వరకూ ఉన్న బజారులో ఆమె పాఠం చెప్పినవాళ్లు లేని వరస లేదు. బంగారం మీద అప్పులిచ్చే ఆఫీసు షట్టరు ఎత్తుతూ ముబారక్ సలాం చేశాడు. బ్యాంకు కౌంటర్లో కూర్చునే అమ్మాయి స్కూటీ ఆపి "ఎక్కండి మేడం" అంది. "నడిస్తేనే మంచిదంట తల్లీ" అని ఆమె పంపించేసింది. ఇన్సూరెన్సు ఏజెంటు ఒకడు, వ్యాపారులకు పన్ను లెక్కలు కట్టిపెట్టేవాడు ఒకడు, సెల్‌ఫోన్ కవర్లు అమ్మే తిప్పేష్ ఒకడు. తిప్పేష్ కూడా ఆమె దగ్గర కామర్సే చదివాడు. రెండేళ్లు ఉద్యోగానికి తిరిగి తిరిగి, చివరికి తోపుడుబండి పెట్టుకున్నాడు. ఆ బండి దగ్గర మాత్రం ఆమె తప్పకుండా ఆగుతుంది.

"ఏమప్పా, బేరాలెట్లుండాయి?"

"ఉండాయి మేడం. పండగ ముందర గదా."

అతడి మొహంలోకి ఒక్క క్షణం చూసి కదిలింది. మిగిలినవాళ్లను చూస్తే సంతోషం. తిప్పేష్‌ను చూస్తే మాత్రం తాను చెప్పిన పాఠాల్లో ఏదో చెప్పకుండా వదిలేశానని అనిపిస్తుంది ఆమెకు.

కాలేజీ ఒకప్పుడు చెనిక్కాయల నూనె తీసే మిల్లు. మధ్యలో గోడలు కట్టి క్లాసుగదులు చేశారు. ఎండ ముదిరితే గోడల్లోంచి పాత నూనె వాసన ఇప్పటికీ వస్తుంది. మేరాజ్ అక్కడ ఒక ఏడాదికని చేరింది. తండ్రి బాబావలి తనకల్లులో దర్జీ. మిషను తొక్కి కూతురిని అనంతపురం పంపి ఎంకాం చదివించాడు. ఆమెకు ఆడిటర్ కావాలని ఉండేది. బెంగుళూరులో ఒక ఆడిటరు ఆఫీసులో చేరడానికి మాట కూడా అయింది. ఆ వేసవిలోనే తండ్రికి చూపు పోయింది. భర్త పోయిన అక్క ముంతాజ్ పుట్టింటికి చేరింది. ఇంట్లో ఎవరో ఒకరు సంపాదించాలి. కదిరి దగ్గర, బెంగుళూరు దూరం. తండ్రి పోయాక కూడా ఏడాదికొకసారి కాంట్రాక్టు పొడిగిస్తూనే ఉన్నారు, ఆమె వస్తూనే ఉంది.

ఆ రోజు స్టాఫ్‌రూము ముందు వరండాలో ఒక మనిషి గోడకు ఆనుకొని గొంతుక్కూర్చుని ఉన్నాడు. భుజాన కంబళి, చేతిలో కర్ర. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"మేడమ్మా, నేను ఈశ్వరి నాయన్ని. కుళ్లాయప్ప అంటారు."

ఈశ్వరి చివరి సంవత్సరం అమ్మాయి. తనకల్లు అవతల పల్లె నుంచి వస్తుంది. మేరాజ్ అతణ్ణి లోపలికి పిలిచి కుర్చీ వేసింది. అతడు కుర్చీ అంచున కూర్చున్నాడు.

"గొర్లను మా ఆడమనిషికి అప్పజెప్పి వచ్చినా. మళ్లా బస్సుకే పోవల్ల. మా పాపకు బంగారు లోన్ల ఆఫీసులో ఉద్యోగమొచ్చినాది. ఈడే, కదిరిలోనే. పొద్దున పోయి మాపటికి ఇంటికొస్తాది. అది వద్దంటాండాది. బెంగుళూరులో ఎవరో ఆడిటరు కాడ చిన్న పనికి చేరి, ఏందో పెద్ద పరీచ్చకు చదువుతాదంట. మీరే ఎక్కిచ్చినారంట గదా."

"ఎక్కిచ్చలేదన్నా. అట్లాటి చదువొకటి ఉండాదని అందరికీ చెప్పినట్లే చెప్పినా."

"లోన్ల ఆఫీసు మంచిది కాదా?"

"మంచిదే. నా పిల్లోల్లు శానామంది ఆడ ఉండారు. నెలనెలా జీతమొస్తాది. ఇంటి కాడనే ఉంటాది."

"మరి ఆ మాటే దానికి చెప్పండి."

ఆమె తలుపు వైపు చూసింది. తలుపు అవతల ఈశ్వరి నిలబడి ఉందని ఆమెకు తెలుసు. చున్నీ అంచు కనిపిస్తోంది.

"ఆ పరీచ్చ పాసైతే నీ బిడ్డ సొంతంగా ఆఫీసు పెట్టుకోవచ్చన్నా. పెద్ద పెద్ద కంపెనీలు కూడా, మా లెక్కలు సరిగా ఉండాయని నీ బిడ్డ చేత సంతకం పెట్టిచ్చుకుంటాయి. అయితే పాసయ్యేటోళ్లు తక్కువ. బాగా చదివేటోళ్లే ఏండ్ల తరబడి రాస్తా ఉంటారు."

"మా పాప పాసైతాదా?"

అవుతుంది అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట కోసమే అతడు మందను వదిలి వచ్చాడు. తలుపు అవతలి పిల్ల కూడా ఆ మాట కోసమే చెవి ఒగ్గి ఉంది.

"తెల్దన్నా. అయితాదనే అనిపిస్తాది. అది నా అనుకోడమే. నేను పూచీ పడలేను."

"కాకుంటే?"

"నేర్చిన పని పోదు. కంపెనీల్లో అకౌంట్ల ఉద్యోగం దొరకచ్చు. దొరికే దాకా కష్టపడల్ల."

కుళ్లాయప్ప కర్ర మీద గడ్డం ఆనించాడు. "మీకే కూతురుంటే ఏం చేస్తారు?"

"నాకు కూతురు లేదు. నేనే పోవల్లనుకున్యా ఒకప్పుడు. కుదర్లేదు."

"పోకపోయినా బాగానే ఉండారు గదా."

"బాగానే ఉండా." ఆమె అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "బస్టాండులో బెంగుళూరు బస్సు కనపడితే మాత్రం, కదిలే దాకా చూస్తా ఉంటా. ఇప్పటికీ."

అతడు లేచి కంబళి సర్దుకున్నాడు. "ఆలోచన చేస్తా మేడమ్మా" అని వెళ్లిపోయాడు.

ఈశ్వరి లోపలికి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "పాసవుతానని చెప్పింటే మా నాయన ఒప్పుకునేటోడు మేడం."

"ఒప్పుకునేటోడే. రేపు నువ్వు తప్పితే ఆ మాటను పట్టుకొని ఆయప్ప ఎవర్ని అడగల్ల? నష్టం చెప్పకుండా లాభం ఒక్కటే చెప్పొద్దని మీకు నేర్పించేది నేనే కదమ్మా."

ఈశ్వరి గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం మేరాజ్‌కు అన్నం సయించలేదు. గ్యాసేమో అనుకొని నీళ్లు తాగింది.

భోజనాల తర్వాతి క్లాసులో పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది. ఫ్యాను తిరుగుతున్నా గాలి వేడిగానే తగులుతోంది. మేరాజ్ బోర్డు మీద ఒక రైతు లెక్క వేసింది. ఇవాళ చేనికి డ్రిప్పు పైపులు వేయించడానికి పెట్టే డబ్బు, వచ్చే ఏళ్లలో పంట మీద రాబోయే డబ్బు.

"ఎప్పుడో వచ్చే రూపాయి, ఇప్పుడు చేతిలో ఉండే రూపాయి ఒకటి కాదు. దాన్ని ఈ పొద్దుటి విలువకు తెచ్చి చూడల్ల. అప్పుడు గానీ పైపులు వేసుకోవచ్చునో లేదో తెలీదు."

ముందు బెంచీలో ఇఫ్రా చెయ్యెత్తింది. "వాన పడకపోతే మేడం? బోరెండిపోతే?"

"అందుకే ఆ భయాన్ని కూడా లెక్కలో వేస్తాం. వేసినాక కూడా తప్పు పోవచ్చు. అయినా వేయల్ల."

మాట మధ్యలో ఆమె ఆగింది. నుదుటి చెమట తుడుచుకొని, గోడ పక్కన ఉన్న కుర్చీలో కూర్చుంది. "ఈశ్వరీ, మిగతాది నువ్వు చెయ్యి."

ఈశ్వరి కోపంగానే లేచి బోర్డు దగ్గరికి వచ్చింది. ఒక్కో ఏడాది రాబడినీ విడివిడిగా లెక్కగట్టి రాయసాగింది. నడుమ ఒకచోట తప్పు పోయింది. మేడం అందుకుంటుందని ఆగింది. వెనక నుంచి మాట రాలేదు. తనంతట తానే కనుక్కోవాలని ఊరకున్నారేమో అనుకొని, పైనుంచి మళ్లీ చూసుకుంటూ వచ్చి, తప్పు పట్టుకొని, చెరిపి సరిగ్గా రాసింది. ఆ తర్వాత ఆమెకు కోపం గుర్తులేదు. చివరి వరకూ చకచకా చేసి, కింద గీత గీసి వెనక్కి తిరిగింది.

"వేసుకోవచ్చు మేడం. లాభమే."

మేరాజ్ తల గోడకు ఆనించి బోర్డు వైపే చూస్తున్నట్టు కూర్చుని ఉంది. కళ్లద్దాలు కొద్దిగా జారాయి. చాక్‌పీసు ఒళ్లో పడి ఉంది. అందరికంటే ముందు ఇఫ్రా లేచి వెళ్లి చెయ్యి పట్టుకుంది.

మరునాడు తనకల్లులో మేరాజ్ జనాజా లేచింది. బజారులో ఉన్నవాళ్లంతా వచ్చారు. ముబారక్ ఒక పక్క భుజం పట్టాడు, తిప్పేష్ వెనకాలే నడిచాడు. కబరస్తాన్ గేటు దగ్గర కంబళితో నిలబడిన కుళ్లాయప్ప, రావచ్చునా అని ఎవరినో అడిగి లోపలికి వచ్చి, అందరితో పాటు పిడికెడు మట్టి వేశాడు.

తర్వాత ఇంటి ముందు కూర్చున్న ముంతాజ్ దగ్గరికి వచ్చాడు. అతడెవరో ఆమెకు తెలియదు.

"మీ చెల్లెలు మా పాపకు చదువు చెప్పిందమ్మా. పాపను బెంగుళూరుకు పంపిస్తాండా. ఆ మాట ఆయమ్మకు చెప్పల్లనుకుంటి."

"మా మేరాజ్ పంపించమని చెప్పిందా అన్నా?"

"లేదమ్మా. పంపమనీ చెప్పలే, వద్దనీ చెప్పలే. దాచకుండా చెప్పినాది. నాతో అట్లా ఎవురూ మాట్లాడలే."

ముంతాజ్ తల ఊపింది. అతడు ఇంకాసేపు నిలబడి, గొర్రెలు గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

సంతాప సెలవు అయ్యాక ఆయా హనుమంతమ్మ స్టాఫ్‌రూము తాళం తీసింది. బల్లలు తుడుస్తూ కిటికీ దగ్గరికి వచ్చి ఆగింది. మేడం పోయిన రోజు మధ్యాహ్నం ఉతికి ఆరేసిన చేతిరుమాలు ఊచ మీద అలాగే ఉంది. ఎండకు బిరుసెక్కి, మడత పడిన చోట ఊచ వంపు నిలిచిపోయిన చిన్న తెల్లటి గుడ్డ.