పొర గుంజిన చెయ్యి

"మా కోడలు ఎమ్మెస్సీ చదివి ప్లాస్టిక్ కాయిదాలు గుంజుతాందే సత్తమ్మా," అని అత్త నర్సింగమ్మ గడప కాడ కూసోని పక్కింటామెతోని నవ్వుతుంటే, లోపట బోళ్లు తోముతున్న త్రివేణికి చేతుల ఉన్న గిన్నెను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలే. కొడితే ఆ సొట్టవడ్డ గిన్నెను మళ్ల తోమాల్సింది తనే గద. పొద్దుగాల లేస్తే వాకిలి, చాయ్, మొగనికి డబ్బ, మామకు అంబలి, గివన్ని అయినంక కేతేపల్లి నుంచి నల్లగొండకు బస్సు. అక్కడ కాలేజీ ల్యాబుల ఆరేండ్ల సంది కాంట్రాక్టు అసిస్టెంటు. ఇంట్ల చేసేదాన్నీ పనంటలేరు, ల్యాబుల చేసేదాన్నీ పనంటలేరు, మరి ఈ నడుము ఎందుకు ఇరుగుతాందో ఎవలన్న చెప్పాలె.

ఆ ప్లాస్టిక్ కాయిదం సంగతి అత్తకు తెల్వకపోతే మానె, ల్యాబు పెద్ద దామోదర్ సారుకన్న తెల్వాలె గద. ప్లాస్టిక్ పొడిని మందు నీళ్లల కరిగిచ్చి, అద్దం మీద పోసి ఆరబెడితే ఉల్లిపొర లెక్క ఒక పొర లేస్తది. దాన్ని వేడి మీద నాలుగింతలు సాగదీసి, పెద్ద కరెంటు పట్టియ్యాలె. గప్పుడు దానికి పానమొస్తది. వంచినా, ఒత్తినా అండ్లకెల్లి ఇంతంత కరెంటు పుడ్తది. గొర్రె దవడకు పట్టీ లెక్క కడితే, అది నెమరేసినప్పుడల్లా కంప్యూటర్ల గీత ఎగుర్తది. నెమరు తగ్గిందంటే రోగం మొదలైనట్టు, గొర్రె కూలబడక ముందే ఎరుకైతది. అంత మంచి ముచ్చట సాగదీసుడు కాడ్నే ఆగిపోయింది. మిషిన్ల పెడితే ఫట్టుమని చినుగుడే. రెండేండ్లు చినిగినయి. ఆఖరికి త్రివేణి మిషిన్ బందువెట్టి, ఉడుకునీళ్ల గిన్నె మీద పలకేసి, చేతులతోని గుంజింది. గొంగడి నేసే ఇంట్ల పుట్టిన పిల్ల. ఉన్ని వడికేటప్పుడు తల్లి బీరమ్మ అనేది, "గుంజకు బిడ్డా, రానియ్యి." జర గుంజి, ఆగి, పొర చేతికి మెత్తగ తగిలినంక మళ్ల జర. ఒక్కటి గూడ చినగలే.

తీరా పేటెంటు అర్జీ చూస్తే సారు పేరున్నది, సారు శిష్యుడు నరేశ్ పేరున్నది. నరేశ్ ఆ పొరను ఒక్కనాడన్న గుంజింది లేదు. త్రివేణి అడిగితే సారు కండ్లద్దాలు తుడుసుకుంట, "చేతిపనికి పేరుండదమ్మా, ఆలోచన మాది గద," అన్నడు. మీ ఆలోచనతోనే అయ్యేదుంటే రెండేండ్లు ఎందుకు చింపుకున్నరని నోటిదాంక వచ్చింది, మింగింది. ఇంటికొచ్చి మొగడు పరమేష్‌కు చెప్తే ఆయన ఫోన్ల నుంచి తలెత్తలే. "నీ పేరుంటే ఏంది, లేకుంటే ఏంది? ఉన్న నౌకరీ ఊడగొట్టుకోకు." బండి మీద ఆయన పేరే, గేటు మీద ఆయన పేరే, ఆఖరికి త్రివేణి జీతంతోని కొన్న ఫ్రిజ్జు మీద గూడ పరమేష్ అని స్టిక్కరే. పేరుంటే ఏమైతదో ఆయనకు తెల్వకనా?

మొన్న శుక్రారం హైదరాబాద్ నుంచి కరుణ మేడం వచ్చింది. ఈ పనికి పైసలిచ్చే సంస్థ ఆమెది. చూపిచ్చుడు ఎక్కడనో కాదు, త్రివేణి మామ గొర్రెల దొడ్డిలనే. "నువ్వు మేడం మర్యాదలు చూసుకో, పట్టీలు మేం కట్టుకుంటం," అన్నడు సారు. త్రివేణి చాయ్ పెట్టి తెచ్చేసరికి కంప్యూటర్ల గీత సచ్చినట్టు పండుకోని ఉన్నది. గొర్రె నెమరేస్తనే ఉన్నది. త్రివేణి వంగి పట్టీని చూసింది. అంతే, సంగతి సమజైంది. తీగలను వెండి లేపనంతోని అతికిచ్చి ఒకదినం ఆరనియ్యాలె. సారు, నరేశ్ తొందరల కాలే సోల్డరింగ్ కడ్డీ పెట్టిన్రు. కరెంటు పట్టిచ్చినంక అంత వేడి తాకితే పొరల ఉన్న పానం పోతదని మొదటి సంది ఆమె చెప్తనే ఉన్నది. ఎవలిన్నరు?

సంచిలకెల్లి తను చేసిన పట్టీ తీసి కట్టింది. దవడ కదిలినప్పుడల్లా గీత ఎగిరింది. కరుణ మేడం లేసి దగ్గరికొచ్చింది. "మా కాడ అన్ని చినుగుతున్నయి. దీన్నెట్ల సాగదీసిన్రు?"

"మిషిన్ మీదనే మేడం... వేగం..." సారు మాట నడుమనే ఆపి త్రివేణి దిక్కు తిరిగిండు. "చెప్పమ్మా."

ల్యాబు పుస్తకంల అది లేదు. ఎట్ల చేసినవని ఒక్కలన్న అడిగితే గద రాసేది. 

"చెప్పవే, అందరు సూస్తాండ్రు," అన్నడు దొడ్డి తడక కాడ నిలవడ్డ పరమేష్ పండ్లు కొరుక్కుంట.

సారు దగ్గరికొచ్చి మెల్లగ అన్నడు, "నీ పేరు సంగతి తర్వాత చూద్దం. ముందుగాల చెప్పు."

త్రివేణి కరుణ మేడం మొకం చూసింది. "ఈ పొర గుంజింది నేను మేడం. ఎట్ల గుంజిన్నో నాకొక్కదానికే ఎరుక. అర్జీల నా పేరు ఎక్కిన దినం చెప్త."

అని, గొర్రె దవడకున్న పట్టీని ఊడదీసి సంచిల ఏసుకున్నది.